తాళం లేని గానం: కతోలిక దైవార్చనలో గ్రెగోరియన్ స్తోత్రాల అందం

ఈస్టరు ఉదయపు పూజకు రోమను ఆచారం నిర్ణయించిన ప్రవేశ స్తోత్రం మొదటిసారి వినేవారిని తికమక పెడుతుంది. సంవత్సరమంతటికీ పెద్ద పండుగ అది. తపఃకాలం ముగిసింది, వారాల తరబడి పలకకుండా దాచుకున్న అల్లెలూయా మళ్ళీ నోట పలుకుతోంది. అలాంటి చోట ఎవరైనా గొంతెత్తి చాటే పాటను ఆశిస్తారు. కానీ లాతినులో 'రెసురెక్సి' అనే మాటతో మొదలయ్యే ఆ స్తోత్రం ఐదారు స్వరాల మధ్యనే తిరుగుతూ, పై స్థాయి వైపు చూడనైనా చూడకుండా, ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నంత మెల్లగా సాగిపోతుంది. రాసినవారికి పండుగ సంగతి గుర్తులేదా అన్న అనుమానం కూడా కలుగుతుంది.

దాని మాటలు చదివితే చిక్కు విడిపోతుంది. 'నేను లేచితిని, ఇంకను నీతోనే ఉన్నాను, అల్లెలూయా. నీ చేయి నాపై ఉంచితివి, అల్లెలూయా. నీ జ్ఞానము అద్భుతమాయెను, అల్లెలూయా, అల్లెలూయా.' ఇవి లాతిను బైబిలు లెక్కలో 138వ కీర్తనలోనివి. నేటి బైబిళ్ళలో అది 139వది. దేవుడు తన్ను లోపలా బయటా ఎరిగి ఉన్నాడని భక్తుడు చెప్పుకునే ఆ కీర్తన పాదాలను, సమాధి నుండి లేచిన కుమారుడు తండ్రితో పలికిన తొలి మాటలుగా సంఘం వింటుంది. అంటే ఇది జనానికి చేసే ప్రకటన కాదు, తండ్రీ కొడుకుల మధ్య సంభాషణ. ఆ సంభాషణ మన చెవిన పడుతోంది, అంతే. ప్రకటన తర్వాత వస్తుంది, అల్లెలూయాలో వస్తుంది, అక్కడ రాగం నిజంగానే రెక్కలు విప్పుతుంది. ప్రవేశ స్తోత్రం మాత్రం తన పనిని తాను చేసి ఊరుకుంటుంది.

గ్రెగోరియన్ గానం గురించి ఉన్న అపోహల్లో చాలావరకు ఈ ఒక్క సంగతిని మరచిపోవడం వల్ల పుట్టినవేనని నా అభిప్రాయం. ఈ గానంలో ప్రతి స్తోత్రానికీ పూజలో ఒక చోటు, ఒక పని ఉన్నాయి. ఆ పనికి తగినట్టుగానే దాని రాగం, నిడివి, కష్టం, సులువు అన్నీ ఏర్పడ్డాయి. పని నుండి వేరు చేసి వింటే మిగిలేది మనసుకు హాయినిచ్చే ఒక మంద్రధ్వని మాత్రమే. 1994లో స్పెయిన్‌లోని సాంతో దొమింగో దె సిలోస్ మఠవాసుల పాత రికార్డింగులను ఒక సంకలనంగా విడుదల చేస్తే అది అమెరికా ఆల్బముల పట్టికలో మూడవ స్థానం దాకా వెళ్ళింది. ఒత్తిడి తగ్గించే సంగీతంగా లక్షలమంది కొనుక్కున్నారు. అందులో తప్పేమీ లేదు గానీ, అందం సగమే వారి చేతికి చిక్కింది.

ఇంతకీ ఈ గానం స్వరూపం ఏమిటి? ఒకే స్వరపంక్తి, ఎంతమంది పాడినా అందరూ అదే పాడతారు. వాద్యాలు లేవు. తాళం లేదు. శ్రుతికి కట్టుబాటు కూడా లేదు, ముందుగా ఎత్తుకునే గాయకుడు ఆ రోజు బృందం గొంతులకు వీలైన చోట ఎత్తుకుంటాడు. హార్మనీకి అలవాటుపడిన పాశ్చాత్య శ్రోతకు ఇదంతా ఏదో తక్కువైనట్టు అనిపించవచ్చు. ఒకే స్వరపంక్తిలో లోతు వెతుక్కునే అలవాటున్న మనవారికి అలా అనిపించదు. మనకు కొత్తగా తోచేది తాళం లేకపోవడమే, అది కూడా ఒక్క క్షణం. ఎందుకంటే పద్యనాటకం చూసినవారికి ఇది తెలిసిన విద్యే. నటుడు పద్యం ఎత్తుకున్నప్పుడు హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉంటుంది తప్ప తాళం వేయదు. మాటలు ఏ వేగంలో నడిస్తే రాగం ఆ వేగంలో నడుస్తుంది. విరుపులు అర్థాన్ని బట్టి పడతాయి. పాదం చివర మాట అయిపోయాక అచ్చు ఒక్కటే మిగిలి రాగం దీర్ఘంగా సాగుతుంది. గ్రెగోరియన్ గానంలోనూ సరిగ్గా ఇవే మూడు అంచెలు కనిపిస్తాయి. కొన్ని స్తోత్రాల్లో అక్షరానికి ఒక స్వరం, కొన్నింటిలో అక్షరానికి రెండు నుండి అయిదారు స్వరాల గుత్తి, మరికొన్నింటిలో ఒకే అచ్చు మీద పదులకొద్దీ స్వరాలు. తేడా ఏమిటంటే పద్యం పాడిన నటుడు 'వన్స్ మోర్' కోసం ఎదురుచూస్తాడు, ఇక్కడి గాయకుడు పాడగానే వెనక్కి తప్పుకుంటాడు.

ఈ మూడు అంచెలను ఎక్కడ వాడారో చూస్తే గానం వెనుక ఉన్న ఆలోచన బయటపడుతుంది. 'ప్రభువు మీతో ఉండునుగాక' అని పూజ జరిపే గురువు, 'మీ ఆత్మతోను' అని జనం పలికే లాతిను సంభాషణలు అక్షరానికి ఒక స్వరంగా, మాటకు ఒక్క మెట్టు పైన ఉంటాయి. ఎవరైనా పాడగలరు, పాడాలి కూడా. ప్రవేశ స్తోత్రం, సత్ప్రసాద స్తోత్రం మధ్య అంచెవి. జనం నడుస్తుండగా, ఊరేగింపు సాగుతుండగా పాడేవి కాబట్టి అవి మరీ ఆగిపోవు, మరీ పరుగెత్తవు. ఇక మొదటి పఠనం తర్వాత వచ్చే గ్రాదువాలె, సువిశేషానికి ముందు వచ్చే అల్లెలూయా మాత్రం అత్యంత విస్తారమైనవి. దానికి కారణం ఉంది. ముఖ్యంగా గ్రాదువాలె పాడుతున్నప్పుడు బలిపీఠం దగ్గర వేరే ఏ పనీ జరగడం లేదు. నడక లేదు, కానుకలు లేవు. విన్న వాక్యాన్ని నెమరు వేసుకోవడమే అప్పుడు అందరి పని. కాబట్టి గానం కాలాన్ని పట్టించుకోకుండా ఒక్కొక్క మాట మీద నిలబడగలదు.

అల్లెలూయాలోని చివరి 'ఆ' మీద సాగే దీర్ఘాలాపన గురించి తొలి శతాబ్దాల క్రైస్తవ వేదాంతి పునీత అగస్తీను ఆలోచన ఇప్పటికీ ఎవరూ దాటలేనిదే. సంతోషం మాటలకు పట్టనంత అయినప్పుడు మనిషి మాటను వదిలేసి గొంతును మాత్రమే వినిపిస్తాడనీ, పొలంలో కోత కోసేవాళ్ళూ ద్రాక్షతోటల్లో పనిచేసేవాళ్ళూ పాటలోంచి అక్షరాలు లేని ఆనందంలోకి జారుకున్నట్టే భక్తుడూ దేవుని ముందు చేస్తాడనీ ఆయన వివరించాడు. అదే అగస్తీను తన ఆత్మకథలోని 10వ భాగంలో మరో మాట కూడా చెప్పుకున్నాడు: పాట తియ్యదనానికి లొంగి మాటల అర్థాన్ని మరచిపోయిన ప్రతిసారీ తాను పాపం చేసినట్టు భావిస్తాననీ, అలాంటప్పుడు పాటే లేకుండా ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుందనీ, అయినా ఆ పాటలే తనచేత కన్నీళ్ళు పెట్టించి విశ్వాసంలోకి నడిపించాయి కనుక వాటిని వద్దనలేననీ. పూజలో సంగీతం ఎంత ఉండాలన్న వాదం పదహారు వందల ఏళ్ళుగా ఈ రెండు మాటల మధ్యనే ఊగుతోంది.

రాగాల సంగతి కొంత సూక్ష్మం. గ్రెగోరియన్ గానానికి ఎనిమిది మోడ్‌లు, అంటే మన రాగాల్లాంటి స్వర పద్ధతులు, ఉన్నాయి. పాశ్చాత్య స్వరాల్లో రే, మి, ఫా, సోల్ అనే నాలుగు ముగింపు స్వరాలు, ఒక్కొక్కదానికి పైకి సాగే రూపం ఒకటి, ముగింపు స్వరానికి అటూ ఇటూ తిరిగే రూపం ఒకటి. స్వరస్థానాలను మాత్రమే లెక్కిస్తే రే మీద ముగిసేది ఖరహరప్రియకు, మి మీద ముగిసేది తోడికి, సోల్ మీద ముగిసేది హరికాంభోజికి సరిపోతాయి. ఫా మీద ముగిసేది నాలుగో స్వరాన్ని బట్టి కల్యాణిగానో శంకరాభరణంగానో కనిపిస్తుంది. అయితే ఈ పోలికను ఇక్కడితో ఆపాలి, ఎందుకంటే తోడిని తోడి చేసేది గమకం, ఈ గానంలో అది లేదు. పోలిక నిజంగా పనికొచ్చేది వేరే చోట. రాగంలాగే మోడ్ కూడా ఆరోహణ, అవరోహణల పట్టిక కాదు; ఏ స్వరం మీద నిలవాలి, ఏ పదబంధంతో ఎత్తుకోవాలి, ఏ బంధంతో దిగాలి అన్న అలవాట్ల మూట అది. ఆ అలవాట్లు తెలిసిన గాయకుడికి స్తోత్రం సగం ముందే తెలిసినట్టు.

మోడ్‌ను భావానికి ముడిపెట్టే ప్రయత్నం కూడా ఇక్కడ త్వరగా బెడిసికొడుతుంది. పైన చెప్పిన ఈస్టరు ప్రవేశ స్తోత్రం నాలుగవ మోడ్‌లో, మి మీద ముగుస్తుంది. నేటి చెవికి కాస్త దిగులుగా, తోడి ఛాయలో వినిపిస్తుంది. మృతుల కోసం చేసే పూజలోని ప్రవేశ స్తోత్రం 'రెక్వియెం ఎతెర్నాం' ఆరవ మోడ్‌లో, ఫా మీద ముగుస్తుంది. శంకరాభరణం గుర్తొచ్చేంత ప్రసన్నంగా ఉంటుంది. ఇంకా విచిత్రం, ఈస్టరు రోజున పాడే గ్రాదువాలె 'హెక్ దియెస్', మృతుల పూజలో పాడే గ్రాదువాలె ఒకే వరుసలో ఉన్నాయి. 'ఇదియే ప్రభువు చేసిన దినము' అన్న ఉల్లాసానికీ, 'వారికి నిత్య విశ్రాంతి నిమ్ము' అన్న వేడుకోలుకూ ఒకే మెట్టు. సినిమా సంగీతం మనకు నేర్పిన లెక్కలో ఇది తప్పు. పూజ లెక్కలో మాత్రం ఆ రెండు దినాలూ ఒకే పునరుత్థానానికి చెందినవి, కాబట్టి ఆ వరుస రెంటికీ చెల్లుతుంది. స్వరకర్త ఈ వేదాంతాన్ని ఉద్దేశించి ఉంటాడని నేను అనను. రెండవ మోడ్‌లో గ్రాదువాలెకు సిద్ధంగా ఉన్న వరుసను వాడుకున్నాడు. కానీ వందల ఏళ్ళు ఆ రెంటినీ విన్న జనం చెవిలో ఆ బంధం ఏర్పడకుండా ఎలా ఉంటుంది?

ఇక చరిత్ర. ఈ గానానికి పేరిచ్చిన పోపు మొదటి గ్రెగోరి 590 నుండి 604 వరకు పరిపాలించాడు. పావురం రూపంలో పవిత్రాత్మ ఆయన భుజం మీద వాలి చెవిలో రాగాలు చెబుతుంటే, తెర వెనుక కూర్చున్న లేఖకుడు రాసుకుంటున్నట్టు మధ్యయుగపు చిత్రాలు చూపిస్తాయి. ఆ చిత్రం ఎంత ముచ్చటైనదైనా, ఆయన కాలంలో రాగం రాసే పద్ధతే లేదు. ఆయన తర్వాతి తరం వాడైన, స్పెయిన్‌లోని సెవిల్ పీఠాధిపతి ఇసిదోరు, స్వరాలను మనిషి జ్ఞాపకంలో పట్టి ఉంచకపోతే అవి నశిస్తాయి, ఎందుకంటే వాటిని రాయలేము అని స్పష్టంగా చెప్పాడు. నేడు గ్రెగోరియన్ అని పిలిచేది 8వ శతాబ్దంలో, ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరాన, ఫ్రాంకుల రాజ్యంలో రూపుదిద్దుకుంది. 754 ప్రాంతంలో రెండవ స్తెఫాను పోపు సైనిక సహాయం కోసం పెపిన్ రాజు దగ్గరకు వెళ్ళాడు. ఆ స్నేహంతో రోము పూజా విధానం, దానితో పాటు రోము గాయకులు అక్కడికి చేరారు. పెపిన్ కుమారుడు షార్లమేను 789లో జారీచేసిన శాసనంలో గురువులందరూ రోము గానాన్ని నేర్చుకోవాలని ఆజ్ఞాపించాడు. రోము నుండి వచ్చిన పాఠాన్ని స్థానిక గాయకులు తమ చెవికి తగ్గట్టు మలుచుకోగా పుట్టిన మిశ్రమమే ఈ గానం. దానికి గ్రెగోరి పేరు తగిలించడం వల్ల కొత్తదానికి పాత గౌరవం దక్కింది. రోము నగరంలో అంతకుముందు పాడుకున్న పాత గానం ప్రతులు 11వ శతాబ్దం నుండి మాత్రమే దొరుకుతున్నాయి. పోల్చి చూస్తే రెండింటి బంధుత్వమూ తేడాలూ రెండూ కనిపిస్తాయి.

కతోలిక గానం అంటే గ్రెగోరియన్ ఒక్కటే కాదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మిలానులో పునీత అంబ్రోసు పేరిట మరో సంప్రదాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. కేరళ సిరో మలబారు సంఘానికి సిరియాక్ భాషామూలాలున్న సొంత గానం ఉంది. ఆదిలాబాదు, శంషాబాదు మేత్రాసనాల (పీఠాధిపతుల పరిధుల) రూపంలో ఆ సంఘం తెలంగాణలోనూ ఉంది. స్పెయిన్‌లో టొలెడో కేంద్రంగా వర్ధిల్లిన పాత హిస్పానిక్ గానం కథ మాత్రం విషాదం. రాగం పైకి వెళ్తోందో కిందికి వస్తోందో సూచించే చిహ్నాలతో ఆ స్తోత్రాలను వేల సంఖ్యలో రాసి పెట్టారు. కానీ ఎంత పైకి, ఎంత కిందికి అన్నది రాయలేదు, గాయకుడికి అది నోటికి వచ్చే ఉంటుంది కాబట్టి. 11వ శతాబ్దం చివర ఆ పూజా విధానాన్ని రద్దుచేసి రోము విధానాన్ని ప్రవేశపెట్టగానే నోటికి వచ్చినవాళ్ళు అంతరించిపోయారు. పుస్తకాలు భద్రంగా ఉన్నాయి; అందులోని రాగాల్లో బహు కొద్ది తప్ప ఇవాళ ఎవరూ పాడలేరు.

గ్రెగోరియన్ గానాన్ని ఆ గతి పట్టకుండా కాపాడింది గీదో అనే ఇటలీ మఠవాసి. 11వ శతాబ్దపు తొలి భాగంలో అరెజ్జోలో గాయక బాలురకు చదువు చెబుతూ, స్వరచిహ్నాలను గీతల మీద, గీతల మధ్య నిలిపి, ఏ గీత ఏ స్వరమో రంగుతోనో అక్షరంతోనో చెప్పే పద్ధతిని స్థిరపరిచాడు. స్నాపక యోహానును స్తుతించే ఒక లాతిను గీతంలో ఒక్కొక్క పాదం ఒక్కొక్క స్వరం పైన మొదలవుతుంది. ఆ పాదాల తొలి అక్షరాలనే స్వరాల పేర్లుగా చేసి ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని పిల్లలకు నేర్పాడు. పదేళ్ళు కష్టపడినా అరకొరగా వచ్చే విద్య తన పద్ధతిలో ఏడాదిలో, మహా అయితే రెండేళ్ళలో వస్తుందని ఆయన ఒక లేఖలో చెప్పుకున్నాడు. అప్పటి పోపు 19వ యోహాను ఆయనను రోముకు పిలిపించి, ఆ పద్ధతిలో రాసిన స్తోత్రాల పుస్తకాన్ని తిరగేసి, అంతకుముందు ఎన్నడూ వినని ఒక చరణాన్ని తానే చూసి పాడి ఆశ్చర్యపోయాడని కూడా అందులోనే ఉంది. నేటి పాశ్చాత్య సంగీత లిపికి మూలం ఈ పూజా గానపు పాఠశాలే.

గీతలు వచ్చాక స్వరస్థానం నిలిచింది కానీ నడక పోయింది. గీతలు లేని 10వ శతాబ్దపు ప్రతుల్లో, ముఖ్యంగా స్విట్జర్లండులోని సాంక్ట్ గాలెన్ మఠంలోనూ ఫ్రాన్సులోని లావోన్ పట్టణంలోనూ దొరికిన వాటిలో, స్వరం ఏదో తెలియకపోయినా దాన్ని ఎలా పాడాలో అద్భుతమైన వివరం ఉంది. చిహ్నం పక్కన ఒక చిన్న అక్షరం: త్వరగా అని ఒకటి, నిలిపి ఉంచు అని మరొకటి, ఆగు అని ఇంకొకటి. 1979లో ఫ్రాన్సులోని సొలేమ్ మఠం ప్రచురించిన ఒక స్తోత్రగ్రంథం పుటను దగ్గరగా చూస్తే ఈ కథంతా ఒక్క చోట కనిపిస్తుంది. నడుమ నాలుగు గీతల మీద చదరపు స్వరాలు, వాటి పైన నల్ల సిరాలో లావోన్ చిహ్నాలు, కింద ఎర్ర సిరాలో సాంక్ట్ గాలెన్ చిహ్నాలు. గాయకుడు మధ్య వరుసలో స్వరాన్ని, పై కింది వరుసల్లో దాని ప్రాణాన్ని చదువుకుంటాడు.

ఆ పుట తయారు కావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 16వ శతాబ్దం చివరికి ఈ దీర్ఘాలాపనలు అనాగరికంగా తోచి, లాతిను ఉచ్చారణకు అడ్డమనే నెపంతో వాటిని కత్తిరించే పని రోములో మొదలైంది. 1614, 1615లలో అచ్చయిన మెదిచీ ముద్రణ ఆ కత్తిరింపుల ఫలితం. 19వ శతాబ్దంలో జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్ ప్రచురణకర్త ఒకరు దాని పునర్ముద్రణకు ముప్ఫై ఏళ్ళ ప్రత్యేక హక్కు పొందారు కూడా. దానికి ఎదురు నిలిచింది సొలేమ్. 1833లో ప్రోస్పెర్ గెరాంజె పునరుద్ధరించిన ఆ బెనెడిక్టు మఠంలో, జోసెఫ్ పోతియె 1883లో పాత ప్రతుల ఆధారంగా స్తోత్రగ్రంథాన్ని వెలువరించారు. ఆయన శిష్యుడు ఆంద్రె మొకెరో మరో అడుగు ముందుకేసి, 1889 నుండి ప్రతులనే ఫోటోలు తీసి అచ్చువేయడం మొదలుపెట్టారు. 'యూస్తుస్ ఉత్ పాల్మ' అనే ఒకే ఒక గ్రాదువాలెను యూరప్ నలుమూలల నుండి సేకరించిన 200కు పైగా ప్రతులలోంచి వరుసగా చూపించి, ఇంత దూరాల్లో, ఇన్ని శతాబ్దాల్లో ఇది ఒకే రాగమని నిరూపించారు. ఈ వరుసే పైన చెప్పిన ఈస్టరు, మృతుల పూజల గ్రాదువాలెలది కూడా. పోపు పదవ పయస్ 1903 నవంబరు 22న, పునీత సిసీలియ పండుగ నాడు ఇచ్చిన ఆదేశంలో పూజా సంగీతానికి పవిత్రత, కళాసౌష్ఠవం, సార్వజనీనత ఉండాలనీ, ఆ మూడూ గ్రెగోరియన్ గానంలో అత్యున్నతంగా ఉన్నాయనీ ప్రకటించడంతో సొలేమ్ పక్షం నెగ్గింది. 1908లో వాటికన్ అధికారిక గ్రంథం వెలువడింది.

లయ విషయంలో మాత్రం సొలేమ్ లోపలే అభిప్రాయాలు మారాయి. స్వరాలన్నీ దాదాపు సమాన కాలం గలవనీ, అవి రెండేసి, మూడేసిగా గుంపులు కడతాయనీ మొకెరో బోధించారు. పల్లెల్లోని గాయకులకు సైతం అందుబాటులోకి వచ్చిన ఆ పద్ధతి ప్రపంచమంతటా పాకింది. తర్వాతి తరంలో అదే మఠానికి చెందిన యూజెన్ కార్డీన్ 10వ శతాబ్దపు చిహ్నాలను తిరిగి పరిశీలించి, స్వరం నిడివి అది మోసే అక్షరాన్ని బట్టి పెరుగుతుందీ తరుగుతుందీ కానీ గంట కొట్టినట్టు సమంగా ఉండదన్నారు. వినడానికి రెండోదే మాటకు దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తుంది. అయితే నలభై మంది కలిసి పాడాల్సినప్పుడు మొదటిదే గట్టెక్కిస్తుందన్నది కూడా నిజం. ఈ గానం అనాదిగా మార్పు లేకుండా వచ్చిందని మురిసిపోయేవారు గుర్తుంచుకోవాల్సింది ఇదే: మనం వినే ప్రతి గ్రెగోరియన్ స్తోత్రం ఒక పునరుద్ధరణ, ఎవరో ఒక పండితుడి నిర్ణయం.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా చిక్కుపడ్డ ముడి దగ్గరకు వద్దాం. ప్రపంచ కతోలిక పీఠాధిపతులు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ లాతినునూ ఈ గానాన్నీ తీసేసిందని చాలామంది నమ్మకం. 1963 డిసెంబరు 4న మహాసభ ఆమోదించిన దైవార్చన పత్రంలోని 116వ అంశం చెప్పింది దానికి పూర్తిగా విరుద్ధం: గ్రెగోరియన్ గానం రోమను దైవార్చనకు సొంతమైనది, ఇతర పరిస్థితులు సమానమైనప్పుడు దానికే అగ్రస్థానం. 54వ అంశం ప్రకారం జనం తమ వంతు భాగాలను లాతినులో కూడా కలిసి చెప్పగలిగేలా, పాడగలిగేలా చూడాలి. అదే పత్రం దేశభాషలకు తలుపు తెరిచింది. మిషను దేశాల ప్రజలకు సొంత సంగీత సంప్రదాయాలుంటే వాటిని గౌరవించి పూజలో చోటివ్వాలని 119వ అంశంలో కోరింది. ఈ మూడింటినీ కలిపి పట్టుకోవడం కష్టం కాబట్టి, అగ్రస్థానాన్ని ఒక పక్షం, దేశభాషను మరో పక్షం పంచుకున్నాయి. 'ఇతర పరిస్థితులు సమానమైనప్పుడు' అన్న మాట ఎవరికి కావలసినట్టు వారు లాగడానికి వీలైనంత సాగేది. భాష మారగానే, భాషకు అతుక్కుని ఉన్న గానం ఎవరూ నిషేధించకుండానే జారిపోయింది.

తర్వాత జరిగింది ఆ గానానికి ఇంకా నష్టం చేసింది. పాత లాతిను పూజను విరివిగా అనుమతిస్తూ 2007లో పదహారవ బెనెడిక్టు, దాన్ని తిరిగి కట్టడి చేస్తూ 2021లో ఫ్రాన్సిసు పోపు ఆదేశాలిచ్చినప్పుడు చెలరేగిన వివాదంలో గ్రెగోరియన్ గానం ఒక పక్షపు జెండాగా మారిపోయింది. నిజానికి సంస్కరించిన పూజ కోసమే 1974లో సవరించిన స్తోత్రగ్రంథం అధికారికంగా వెలువడింది. అదే ఏడు ఆరవ పౌలు పోపు అందరికీ తెలిసి ఉండాల్సిన సులభ స్తోత్రాల చిన్న పుస్తకాన్ని ప్రపంచంలోని పీఠాధిపతులందరికీ పంపాడు. కాబట్టి ఈ గానాన్ని ఇష్టపడడమంటే మహాసభను కాదనడం అవుతుందన్న భయమూ, మహాసభను అంగీకరించడమంటే దీన్ని వదులుకోవడమన్న అలవాటూ రెండూ నిరాధారమే.

వీటన్నిటికంటే ముఖ్యమై ఉండీ తక్కువమంది చదివిన పత్రం 1967 మార్చి 5న వచ్చిన సంగీత ఉపదేశం. పూజలో పాడవలసినవాటిని అది మూడు అంచెలు చేసింది. మొదటి అంచెలో గురువుకూ జనానికీ మధ్య సంభాషణలు, గురువు ప్రార్థనలు, పరిశుద్ధుడు అనే స్తుతి, పరలోక జపం ఉన్నాయి. రెండవ అంచెలో దయచూపుమనే వేడుకోలు, మహిమ గీతం, విశ్వాస ప్రమాణం, దేవుని గొర్రెపిల్లను వేడుకునే స్తోత్రం. ప్రవేశ, కానుకల, సత్ప్రసాద పాటలు మూడవ అంచెలో, అంటే చివర. మొదటి అంచె ఒక్కటే పాడినా సరే, అది లేకుండా తక్కిన రెండూ పాడకూడదని కూడా స్పష్టంగా రాసింది. మన తెలుగు విచారణల్లో, అంటే స్థానిక సంఘాల్లో, ఒక మామూలు ఆదివారం పూజను దీని పక్కన పెట్టి చూస్తే వరుస తలకిందులైనట్టు తెలుస్తుంది. కీబోర్డు, తబలాలతో ప్రవేశ గీతం దద్దరిల్లుతుంది, కానుకల పాట నాలుగు చరణాలు సాగుతుంది. 'ప్రభువు మీతో ఉండునుగాక' మాత్రం మైకులో మామూలు మాటగా వెళ్ళిపోతుంది. పూజలో పాటలు పాడుతున్నాం, పూజను పాడడం లేదు. మన పాటలు బాగాలేవని నా ఉద్దేశం కాదు. వాటిలో చాలా మంచి సాహిత్యం ఉంది. అవి పూజ పక్కన నడుస్తున్నాయి, గ్రెగోరియన్ గానం పూజ లోపల ఉంటుంది, తేడా అదే.

మరి ఆ లోపలి గానాన్ని తెలుగులో పాడవచ్చునా? అల్లెలూయాలూ గ్రాదువాలెలూ తెలుగు మాటల మీదకు ఎక్కవు; వాటి ప్రతి మలుపూ లాతిను పదానికి కొలిచి కుట్టినది. కీర్తనలు పాడే ఎనిమిది సూత్రాలు మాత్రం తప్పక ఎక్కుతాయి. వాటి కట్టడి చాలా తేలిక: కీర్తన పాదంలో ఎన్ని అక్షరాలున్నా ఒకే స్వరం మీద నడిపించి, పాదం సగంలో ఒక చిన్న విరుపు, చివర ఒక దింపు ఇస్తారు. తెలుగు పాదం లాతిను కంటే పొడుగైనా నష్టం లేదు, నడిపించే స్వరం ఎంత దూరమైనా మోస్తుంది. చిక్కంతా దింపు దగ్గరే. లాతినులో దింపు, మాటలో ఊనిక ఉన్న అక్షరం మీద పడుతుంది. తెలుగులో అలాంటి ఊనిక లేదు, ఉన్నది గురులఘువుల తేడా. కనుక ఊనికకు బదులు గురువైన అక్షరాన్ని పట్టుకోవాలి. 'ప్రభువు నా కాపరి' అన్న పాదంలో 'కాపరి' గురువు మీద మొదలై రెండు లఘువులతో ముగుస్తుంది, లాతినులో 'దోమినుస్' అన్న మాట నడిచినట్టే. అలాంటి మాట కోసం పుస్తకాల్లో ఒక బోలు స్వరాన్ని అదనంగా ముద్రించే ఉంచారు, నడిమి అక్షరం దాని మీద కూర్చుంటుంది. 'ఉన్నాను', 'లేదు', 'చూచుచున్నాడు' వంటివి చివరి నుండి రెండో అక్షరం గురువుగా ఉన్నవి కాబట్టి అదనపు స్వరం అక్కరలేకుండానే దిగుతాయి. ఇబ్బంది పెట్టేవి 'వచ్చితిని', 'పలికితివి' వంటి గ్రాంథిక క్రియలు, వాటి చివర లఘువులే వరుసకడతాయి, దింపు ఎక్కడా కాలూనలేదు. అక్కడ అనువాదకుడే సాయపడాలి. 'వచ్చినాను', 'పలికినావు' అని రాస్తే చాలు, 'నా' మీద స్వరం నిలిచి కిందికి దిగుతుంది.